సవతి తల్లి నుంచి పిన్ని దాకా: రాధిక నటనలో మాతృత్వ చిత్రణ – భద్రాద్రి అడవి అంచు నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు కథా సంప్రదాయంలో సవతి తల్లి వెనుక తరచుగా అడవి ఉంటుంది. కైక, సురుచి, చిత్రాంగి, మాణిక్యాలదేవి పాత్రలు ఇందుకు నిదర్శనాలు. తమిళంలో ‘చిత్తి’గా వచ్చి, తెలుగులోకి అనువాదమై జెమిని టీవీలో ప్రసారమైన ‘పిన్ని’ ధారావాహిక ఈ పాత్రను మరొక కోణంలో చూపింది. ఆ మార్పు ఒక్క రచన వల్ల వచ్చింది కాదనీ, నటి రాధిక అంతకుముందు ఇరవై ఏళ్ళ పాటు వెండితెరపై పోషించిన తల్లి పాత్రల కొనసాగింపుగానే సాధ్యమైందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రామాయణ స్మృతి బలంగా ఉన్న ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతాన్ని పరిశీలనా స్థానంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: రాధిక, పిన్ని, ధారావాహిక, సవతి తల్లి, మాతృత్వం, అనువాదం, భద్రాచలం, పర్ణశాల.

1. ఉపోద్ఘాతం

ఒక ప్రాంతానికి నిధులు రాకపోతే, ఒక ఊరికి రోడ్డు పడకపోతే మన పత్రికలు వాడే మాట ఒకటుంది: ‘సవతి తల్లి ప్రేమ’. ఏజెన్సీ మండలాల సమస్యల మీద వచ్చే వార్తల్లో, వినతిపత్రాల్లో ఈ మాట తరచుగా కనిపిస్తుంది. రాసేవారికి గాని చదివేవారికి గాని అందులో అభ్యంతరకరమైనది ఏమీ తోచదు. సవతి తల్లి అంటే వివక్ష చూపేదేనన్న నిర్ణయం భాషలోనే జరిగిపోయింది. మొదటి భార్య పోయిన ఇంట్లో అడుగుపెట్టి, తాను కనని పిల్లలకు వండిపెట్టి, తల దువ్వి బడికి పంపే స్త్రీ ఈ నిర్ణయాన్ని మోస్తూనే బతకాలి.

ఈ నిర్ణయాన్ని తెలుగు ఇళ్ళలో ప్రశ్నించిన రచనలు తక్కువ. వాటిలో ఒకటి సాహిత్య విమర్శ పట్టించుకోని చోటు నుంచి, అంటే టెలివిజన్ ధారావాహిక నుంచి వచ్చింది. దాన్ని నిలబెట్టిన నటి రాధిక. ఈ వ్యాసకర్త ఆమె అభిమాని. ఆ సంగతి దాచడం లేదు. అయితే అభిమానం పరిశీలనకు అడ్డు రాకూడదు గనుక, ఆ ధారావాహిక సాధించినదాన్నీ సాధించలేనిదాన్నీ రెండింటినీ చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సవతి తల్లి, అడవి: కథా సంప్రదాయం

మన కథల్లో సవతి తల్లి ప్రస్తావన వచ్చిన వెంటనే అడవి వస్తుంది. కైక వరాలు అడిగితే రాముడు వనవాసానికి వెళ్ళాడు. తండ్రి తొడ ఎక్కబోయిన ధ్రువుణ్ణి సురుచి అవమానిస్తే ఆ పసివాడు తపస్సు కోసం వనానికి నడిచాడు. పోతన భాగవతం ద్వారా ఈ కథ తెలుగు పిల్లలందరికీ తెలుసు. చిత్రాంగి మోపిన నిందకు సారంగధరుడు కాళ్ళూ చేతులూ పోగొట్టుకుని అడవి పాలయ్యాడు. బాలనాగమ్మ కథలో మాణిక్యాలదేవి పోరు పడలేక నవభోజరాజు ఏడుగురు ఆడపిల్లలనూ అడవిలో వదిలేశాడు. పురాణం, కావ్యం, జానపదం ఏదైనా, సవతి తల్లి ఇంట్లో ఉంటుంది. బిడ్డ అడవిలో ఉంటాడు.

సినిమా ఈ సంప్రదాయాన్ని ఇంటి లోపలికి తెచ్చింది. ‘గుండమ్మ కథ’ (1962)లో లక్ష్మి అడవికి పోలేదు, వంటింటికి పోయింది. సవతి కూతురు పనిమనిషిగా, కన్న కూతురు గారాబంగా పెరిగే ఆ ఇంట్లో గుండమ్మగా సూర్యకాంతం నటన ఎంత బలంగా ఉందంటే, ఆమె పేరే ఒక స్వభావానికి పేరైపోయింది. పిల్లకు సూర్యకాంతం అని పేరు పెట్టడానికి తల్లిదండ్రులు వెనకాడారన్న మాట నేటికీ వింటాం. నటి ప్రతిభకు అది గొప్ప నివాళి. మారుటి తల్లికి మాత్రం మరో శిక్ష.

ఈ కథలను భద్రాచలం పరిసరాల నుంచి చూస్తే ఒక విశేషం బోధపడుతుంది. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున పర్ణశాల ఉంది. సీతారామలక్ష్మణులు వనవాస కాలంలో ఇక్కడే ఉన్నారని స్థానిక విశ్వాసం. ఆ విశ్వాసం ప్రకారం ఈ క్షేత్రాల పవిత్రతకు మూలకారణం ఒక సవతి తల్లి కోరిన వరమే. కైక అడగకపోతే రాముడు ఈ నేలకు రాడు. అయోధ్యకు శిక్షగా తోచిన అడవి ఇక్కడి కోయవారికి ఇల్లు. బిడ్డను పారవేసే చోటుగా అడవిని చూడడం నగరపు చూపు. ఈ అంచున నిలబడి వింటే, పై కథలు సవతి తల్లికీ అడవికీ ఒకేసారి చెడ్డపేరు అంటగట్టాయని అర్థమవుతుంది.

రామాయణంలో ఇంకొక పినతల్లి కూడా ఉంది. సుమిత్ర తన కొడుకును రాముడి వెంట పంపుతూ, అతణ్ణి తండ్రిగా, సీతను తల్లిగా, అడవిని అయోధ్యగా భావించమని చెప్పింది. పర్ణశాలకు కాపలా కాసిన లక్ష్మణుడు ఆమె కొడుకే. అయినా జనం నాలుక మీద నిలిచింది కైక. సుమిత్ర మంచితనం కథను ముందుకు నెట్టదు గనుక కథకులకు ఆమెతో ఎక్కువ పని పడలేదు. మంచి పినతల్లిని కథకు కేంద్రంగా నిలపడం కష్టం. ‘పిన్ని’ చేసిన ప్రయత్నం విలువ తెలియాలంటే ఈ కష్టాన్ని గుర్తుంచుకోవాలి.

3. మాటలోని తేడా

‘సవతి తల్లి’, ‘మారుటి తల్లి’, ‘పినతల్లి’, ‘పిన్ని’: తెలుగులో ఈ మాటలన్నీ ఒకే స్త్రీని సూచించగలవు. మొదటిది ఆమెను బిడ్డతో కాక, బిడ్డ కన్నతల్లితో ఉన్న పోటీతో నిర్వచిస్తుంది. రెండవది ఆమెను ఒకరి స్థానంలో వచ్చిన మనిషిగా చెబుతుంది. ‘పిన్ని’ మాత్రం అమ్మ చెల్లెలికి, చిన్నాన్న భార్యకు వాడే మాట. తల్లి వరసను చిన్నదిగా చేసి చెబుతుందే తప్ప, తల్లితనాన్ని కాదనదు. తమిళంలో ‘చిత్తి’ కూడా చిన్న తల్లి అన్న అర్థంలోనిదే. అందువల్ల ఆ ధారావాహిక తెలుగులోకి వచ్చినప్పుడు శీర్షిక అనువాదానికి ఏ ఇబ్బందీ కలగలేదు. రెండు ద్రావిడ భాషల బంధువాచకాలు ఒకదానికొకటి సరిగ్గా అతికాయి.

‘సవతి తల్లి’ ఇతరులు ఆమె గురించి చెప్పుకునే మాట. ‘పిన్ని’ బిడ్డ ఆమెను పిలిచే మాట. చెప్పుకునే మాటను పక్కన పెట్టి, పిలిచే మాటను శీర్షికగా ఎన్నుకోవడంలోనే ఆ రచన దృక్పథం ఉంది.

4. రాధిక నట జీవితం: నలుగురు తల్లులు

రాధిక ప్రసిద్ధ తమిళ నటుడు ఎం.ఆర్. రాధా కుమార్తె. ఆయనకు పేరు తెచ్చిన ‘రత్తకన్నీర్’ నాటకం తెలుగులో నాగభూషణం చేతుల్లో ‘రక్తకన్నీరు’గా ఊరూరా ప్రదర్శితమైంది. తండ్రి నాటకం అనుసరణగా తెలుగువారిని చేరింది. కూతురి ధారావాహిక అనువాదంగా చేరింది. రెండు తరాల మధ్య ఈ పోలిక యాదృచ్ఛికమే అయినా, తమిళ ప్రదర్శన కళకూ తెలుగు ప్రేక్షకుడికీ ఉన్న పాత దారిని అది గుర్తు చేస్తుంది.

1978లో భారతీరాజా దర్శకత్వంలో ‘కిళక్కే పోగుమ్ రయిల్’తో ఆమె చిత్రసీమలో అడుగుపెట్టారు. తెలుగులో చిరంజీవి సరసన ‘అభిలాష’, ‘యమకింకరుడు’, ‘దొంగ మొగుడు’ వంటి అనేక చిత్రాల్లో నటించారు. ఆ చిత్రాల్లో ఆమె హుషారును, హాస్యాన్ని ఇష్టపడిన ప్రేక్షకులు ఎందరో ఉన్నారు. ఈ వ్యాసం పరిధిలో ముఖ్యమైనవి మాత్రం మూడు చిత్రాలు.

మొదటిది ‘న్యాయం కావాలి’ (1981). డి. కామేశ్వరి నవల ‘కొత్త మలుపు’ ఆధారంగా ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రంలో రాధిక పాత్ర భారతి. ప్రేమించినవాడు మోసం చేస్తే, పెళ్ళి కాకుండా తల్లి అయిన ఆ యువతి చావును ఆశ్రయించదు, దయను అర్థించదు. న్యాయస్థానం మెట్లెక్కుతుంది. శారద పోషించిన న్యాయవాది పాత్ర ఆమె పక్షాన నిలుస్తుంది. శారద గంభీరమైన వాక్చాతుర్యం ముందు, వయసులో చిన్నదైన రాధిక గొంతు పెంచకుండా పట్టుదలను చూపులో నిలుపుకుంది. అవమానపడిన స్త్రీ తల దించుకోవాలన్న పద్ధతిని ఆమె పాటించలేదు.

రెండవది కె. విశ్వనాథ్ ‘స్వాతిముత్యం’ (1986). భర్త పోయి, కొడుకుతో అన్నగారింట తల దాచుకున్న లలితకు, లోకం తెలియని శివయ్య శ్రీరామనవమి వేడుకల్లో అందరూ చూస్తుండగా తాళి కడతాడు. భద్రాద్రి పరిసరాల ప్రేక్షకుడికి ఆ సన్నివేశం మరింత దగ్గరది. ఏటా సీతారాముల కల్యాణం చూసి, తలంబ్రాలు కళ్ళకద్దుకుని ఇంటికి తెచ్చుకునే జనం వీరు. దేవుడి పెళ్ళి జరిగే రోజున ఒక వితంతువు పెళ్ళి జరిగితే అది పాపమా, పుణ్యమా అన్న ప్రశ్నను ఆ చిత్రం ఆ జనం ముందే పెట్టింది. ఆ క్షణంలో రాధిక ముఖంలో ఆనందం లేదు. కోపమూ పూర్తిగా లేదు. తన అనుమతి లేకుండా తన బతుకు మారిపోయిందన్న దిగ్భ్రాంతి ఉంది. ఆ దిగ్భ్రాంతి నుంచి క్రమంగా బాధ్యతలోకి, బాధ్యత నుంచి ప్రేమలోకి లలిత నడిచే తీరే ఆ పాత్ర సౌందర్యం. కమల్ హాసన్ నటనకు వచ్చిన ప్రశంసల్లో ఈ నడక కొంత మరుగున పడింది. శివయ్య అమాయకత్వం నమ్మదగినదిగా ఉండడానికి, అతణ్ణి చూస్తున్న లలిత కళ్ళు కారణం.

మూడవది విశ్వనాథ్‌దే ‘స్వాతికిరణం’ (1992). అసూయతో కుమిలే సంగీత విద్వాంసుడి భార్యగా, బిడ్డలు లేని ఆ ఇల్లాలు, పరుల బిడ్డ గంగాధరం మీద పెంచుకునే మమకారం చిత్రానికి ప్రాణం. మమ్ముట్టి పాత్ర ఆ బాలుడిలో ప్రత్యర్థిని చూస్తే, రాధిక పాత్ర కొడుకును చూస్తుంది. కనని బిడ్డకు తల్లి కావడం అన్న అంశం ఆమె తెలుగు నటనలో స్పష్టంగా మొదలైంది ఇక్కడే.

పెళ్ళి కాని తల్లి, భర్త లేని తల్లి, బిడ్డను కనని తల్లి. పెళ్ళి, కాపురం, కాన్పు అన్న వరసలో ఇమడని ఈ ముగ్గురినీ పోషించిన నటి, ఆ తరువాత పిన్నిగా తెలుగు ఇళ్ళలోకి వచ్చింది. ప్రేక్షకుడు శారదను మొదటిసారి చూసినప్పుడు, అతని మనసులో భారతి, లలిత అప్పటికే ఉన్నారు. కొత్త నటి ఎవరైనా అదే పాత్ర వేస్తే, ‘ఈమె ఎప్పుడు బయటపడుతుందో’ అన్న అనుమానంతో చూసి ఉండేవారు. రాధికను అలా చూడలేదు. నటి గతం పాత్రకు పూచీకత్తు ఇచ్చింది.

5. ‘పిన్ని’: ధారావాహిక రూపం ఇచ్చిన అవకాశం

రాధిక నెలకొల్పిన రాడాన్ సంస్థ నిర్మించిన ‘చిత్తి’ 1999 డిసెంబరు నుంచి 2001 నవంబరు వరకు సన్ టీవీలో ప్రసారమైంది. దర్శకుడు సి.జె. భాస్కర్. దాని తెలుగు రూపమే జెమిని టీవీ ‘పిన్ని’. అప్పటికే మంజులానాయుడు దర్శకత్వంలో వచ్చిన ‘ఋతురాగాలు’ దూరదర్శన్‌లో రోజువారీ ధారావాహికకు తెలుగు ప్రేక్షకులను అలవాటు చేసి ఉంది.

సినిమా రెండున్నర గంటల్లో మనిషిని మార్చి చూపాలి. రోజువారీ ధారావాహికకు ఆ తొందర లేదు. కనని బిడ్డతో తల్లికి ఏర్పడే బంధం కూడా తొందరపడేది కాదు. అన్నం పెట్టడం, అలిగితే బుజ్జగించడం, జ్వరం వస్తే మేలుకోవడం, తప్పు చేస్తే మందలించాలా వద్దా అని తటపటాయించడం వంటి చిన్న పనుల వల్ల అది రోజురోజుకూ ఏర్పడుతుంది. కన్నతల్లి కొడితే క్రమశిక్షణ. పిన్ని కొడితే సవతి పోరు. ఈ భేదం మధ్య జాగ్రత్తగా నడవవలసిన స్త్రీ కథకు, ప్రతి రాత్రీ కొంచెం కొంచెంగా సాగే రూపమే సరిపోయింది. విమర్శకులు ‘సాగదీత’ అని తీసిపారేసే లక్షణం ఇక్కడ వస్తువుకు అనువైన రూపమైంది.

టీవీ తెర చిన్నది. దగ్గరి షాట్లే దానికి బలం. రాధిక ఈ పరిమితిని అర్థం చేసుకున్న నటి. ఎదుటివారు మాట్లాడుతున్నప్పుడు వినడం ఆమె నటనలో ప్రధానాంశం. జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోవడం, కళ్ళు ఒక్క క్షణం పక్కకు తిరిగి మళ్ళీ నిలవడం వంటి సూక్ష్మ చేష్టలతో ఆమె మాట్లాడని మాటలను వినిపించారు. అనువాద ధారావాహికలో ఇది మరింత అవసరం. పెదవి కదలిక తమిళం, వినిపించే మాట తెలుగు. ఆ రెంటి మధ్య ఎడాన్ని పూడ్చగలిగినవి కళ్ళు మాత్రమే.

ఈ సందర్భంలో అడవి అంచు ప్రేక్షకుల గురించి ఒక మాట చెప్పుకోవాలి. కొత్తగూడెం, ఇల్లెందు గని కార్మికుల క్వార్టర్లలో, పాల్వంచ, సారపాక పారిశ్రామిక కాలనీలలో, భద్రాచలం పట్టణంలో తెలుగు ఒకే తీరుది కాదు. ఉద్యోగాల కోసం కోస్తా నుంచి వచ్చినవారి తెలుగు, స్థానిక తెలంగాణ తెలుగు, ఇంట్లో కోయ మాట్లాడేవారు బజారులో వాడే తెలుగు పక్కపక్కనే ఉంటాయి. ఒకరు ‘పిన్ని’ అంటే మరొకరు ‘చిన్నమ్మ’ అంటారు. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటిగా బతికేవారికి పెదవికీ మాటకూ పొంతన కుదరకపోవడం పెద్ద లోపంగా తోచదు. వితంతువుల మారుమనువును ఆచారం అంగీకరించే కోయ సమాజానికి, తెరపై ఇంత సంఘర్షణ ఎందుకన్న ప్రశ్న కలిగినా ఆశ్చర్యం లేదు.

ఇక్కడ ఒక స్వీయ జ్ఞాపకం ప్రస్తావించడం అవసరం. మా వీధిలో ఒక ఇంటికి రెండో భార్యగా వచ్చిన ఒకావిడను ఆ ఇంటి పిల్లలు ఏ వరసతోనూ పిలిచేవారు కాదు. ‘ఇదిగో’, ‘అన్నం పెట్టు’ అనేవారు. ఆవిడ పని ముగించుకుని పక్కింటి గడప దగ్గర కూర్చుని ‘పిన్ని’ చూసేది. ధారావాహిక ప్రారంభ గీతం వీధి పిల్లలందరికీ నోటికి వచ్చు. ఆ ఇంటి పిల్లలూ పాడేవారు. పాటలో పదేపదే వచ్చే ఆ పిలుపు వాళ్ళ నోట ఆవిడ వినేది. వాళ్ళు ఆ తరువాత ఆవిడను అలా పిలిచారని చెప్పడానికి ఆధారం లేదు. పిలవలేదనే నా జ్ఞాపకం. అయినా తనకు దక్కవలసిన మాట ఒకటుందని ఆవిడకు తెలిసింది. ఒక ధారావాహిక విలువను ప్రేక్షకుల సంఖ్యతో మాత్రమే కొలవలేమనడానికి దీన్ని ఉదాహరణగా చెప్తున్నాను.

6. పరిమితులు

‘పిన్ని’ మంచితనానికి పరీక్ష బాధే. శారద ఎంత సహిస్తే అంత మంచి తల్లి అన్న సూత్రం కథ పొడుగునా ఉంది. కన్నతల్లికి లేని పరీక్ష పెంచిన తల్లికి ఎందుకన్న ప్రశ్న ఆ రచన వేయలేదు. ‘న్యాయం కావాలి’లోని భారతి న్యాయాన్ని హక్కుగా అడిగింది, శారద మంచి పేరును ఓర్పుతో సంపాదించుకోవలసి వచ్చింది. ఈ దృష్టితో చూస్తే 1981 నాటి పాత్రే ముందడుగు.

రెండవది, దుష్టత్వం ఎక్కడికీ పోలేదు. సవతి తల్లి నుంచి తొలగిన కాఠిన్యం యువరాణి పోషించిన ప్రభావతి పాత్రకు చేరింది. ఒక స్త్రీ మంచిదని చెప్పడానికి మరో స్త్రీ చెడ్డది కావాలన్న పాత లెక్క అలాగే ఉంది. కైక స్థానం ఖాళీ కాలేదు. మనిషి మాత్రమే మారింది.

మూడవది, అనువాద ధారావాహికల విజయం తెలుగు టీవీ కళాకారుల ఉపాధిని దెబ్బతీస్తుందని వారు పలుమార్లు నిరసన తెలిపారు. ఆ ఆవేదన న్యాయమైనది. ఒక మంచి అనువాదం దొరికిన ప్రతిసారీ ఒక తెలుగు రచయితకు, నటికి అవకాశం తగ్గిందన్నది మరువరాదు.

నాల్గవది ఈ ప్రాంతానికి సంబంధించినది. అడవి అంచు స్త్రీలు ధారావాహికలను చూశారు. ధారావాహికలు వారిని చూడలేదు. కోయ స్త్రీ కథానాయికగా, ఆమె ఇల్లు కథాస్థలంగా రోజువారీ ధారావాహిక రావడం ఇంకా జరగవలసిన పని.

ఈ పరిమితులలో కొన్నింటినైనా రాధిక తన తరువాతి పనిలో అధిగమించే ప్రయత్నం చేశారు. ‘అణ్ణామలై’, ‘సెల్వి’, ‘అరసి’, ‘చెల్లమే’ మీదుగా ‘వాణి రాణి’ (2013–2018) వరకు ఆమె పాత్రల్లో సహనం తగ్గి, నిర్ణయాధికారం పెరిగింది. ‘వాణి రాణి’లో న్యాయవాదిగా, గృహిణిగా ద్విపాత్రలు ధరించడం ఆ రెండు స్వభావాలనూ ఎదురెదురుగా నిలిపి చూడడమే. నటిగా మాత్రమే మిగలకుండా నిర్మాతగా కథలపై అధికారం సంపాదించుకోవడం ఆమె జీవితంలో మరో ముఖ్యాంశం. వయసు పెరిగే కొద్దీ తల్లి, అత్త పాత్రలకు నటీమణులను కుదించే పరిశ్రమలో, నడివయసు స్త్రీని కథకు కేంద్రంగా ఆమె రెండు దశాబ్దాలు నిలిపి ఉంచారు. 2020లో మొదలైన ‘చిత్తి 2’ నుంచి 2021లో రాజకీయాల కోసం తప్పుకున్నా, ఆ పేరుతో ఆమె అనుబంధం చెరగలేదు.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• తెలుగు కథా సంప్రదాయం సవతి తల్లిని, అడవిని జంటగా దూషించింది. అటవీ సరిహద్దు నుంచి చూస్తే ఈ రెండు దూషణలూ ఒకే చూపు నుంచి పుట్టాయని తెలుస్తుంది.

• ‘పిన్ని’ సాధించిన అంగీకారానికి రాధిక పూర్వపు పాత్రలైన భారతి, లలిత, ‘స్వాతికిరణం’లోని ఇల్లాలు పునాది వేశాయి.

• రోజువారీ ధారావాహిక నిదానం, కనని బిడ్డతో బంధం ఏర్పడే నిదానానికి తగిన రూపమైంది.

• మంచితనాన్ని బాధతో కొలవడం, మరో స్త్రీని దుష్టగా నిలపడం ఆ రచన పరిమితులు.

వాల్మీకి రామాయణం అరణ్యకాండలో ఒక ఘట్టం ఉంది. హేమంతపు చలిలో, పర్ణశాల దగ్గర, లక్ష్మణుడు కైకను నిందించబోతే రాముడు వారిస్తాడు. మధ్యమ తల్లిని నిందించవద్దంటాడు. అడవికి వచ్చినవాడే, అడవిలో నిలబడి ఆ మాట అన్నాడు. ఆ పర్ణశాల ఇదేనని నమ్మే నేల మీద కూడా మనం ‘సవతి తల్లి ప్రేమ’ అన్న మాటను ఇంకా వాడుతూనే ఉన్నాం. రాధిక పోషించిన శారద రాముడు చెప్పినదానికంటే పెద్ద మాటేమీ చెప్పలేదు. అదే మాటను రెండేళ్ళ పాటు, ప్రతి రాత్రీ, గడప దగ్గర కూర్చున్న ఆడవాళ్ళకు వినపడేలా చెప్పింది. ఆ నటికి అభిమానిగా చెల్లించదగిన కృతజ్ఞత ఒకటే: ఆ మాటను రాతలో వాడడం మానుకోవడం.